పానా లాక్కోకండి

“మావాడికి పదహారు నిండాయి. పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొను నాన్నా, ఇంజన్ మనిద్దరం కలిసి బాగుచేద్దాం అంటున్నాడు. ఒప్పుకోమంటావా?”

ఈ చలికాలంలో ఇద్దరు స్నేహితులు నన్ను ఇదే మాట అడిగారు. ఇద్దరూ మాలాగే డెట్రాయిట్ శివార్లలో స్థిరపడ్డవాళ్లు. చేత్తో పనిముట్టు పట్టి ఇరవై ఏళ్లు దాటినవాళ్లు. వాళ్ల భయాలు నాకు తెలుసు, నేనూ అవే పడ్డాను. డబ్బు దండగవుతుందేమో. చదువు వెనకబడుతుందేమో. మనకే సరిగ్గా రాని పని పిల్లలకేం నేర్పుతాం?

ఒప్పుకోమనే చెప్పాను. మా అమ్మాయీ నేనూ రెండేళ్లుగా ఒక 1994 మాజ్దా మియాటా ఇంజన్ మీద పనిచేస్తున్నాం. అంతకుముందు నేను “స్కూల్లో ఏమైంది?” అంటే “ఏం లేదు” అనేది, అంతటితో ఆ రోజు మాటలు అయిపోయేవి. ఇప్పుడు ఇంజన్ మీదికి ఇద్దరం చెరోవైపు వంగి ఉన్నప్పుడు, నేనేమీ అడక్కుండానే, స్నేహితురాలితో పడ్డ గొడవ దగ్గర్నుంచి కాలేజీ భయం దాకా తనే చెప్పుకొస్తుంది. ఎదురెదురుగా కూర్చుంటే పెగలని మాట, ఇద్దరి చూపూ ఒకే బోల్టు మీద ఉన్నప్పుడు తేలిగ్గా వచ్చేస్తుంది.

అయితే ఆ ఇద్దరితోనూ ఒక మాట గట్టిగా చెప్పాను. పిల్లల చేతిలోంచి పానా లాక్కోకండి. వినడానికి చిన్న సంగతే. నేను మాత్రం తప్పాను, దానికి మూల్యం కూడా చెల్లించాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

తప్పు చేసినా కొంప మునగని బండి

బండి ఎంపికలోనే సగం జాగ్రత్త ఉంది. మియాటా మొదటిసారి 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో కనిపించింది. రెండే సీట్లు, వెనక్కి మడిచే టాపు, బరువు ఇంచుమించు ఒక టన్ను. 1960లలో బ్రిటన్‌లో తయారైన చిన్న స్పోర్ట్స్ కార్ల సరదా అంతా ఉండాలి, వాటిలా నాలుగు రోజులకోసారి మొరాయించకూడదు అనుకుని హిరోషిమాలో ఈ కారు తయారుచేశారు. 2016 నాటికి పది లక్షల బళ్లు తయారయ్యాయి. మొదటి తరం 1997తో ఆగింది. మొదట్లో ఇంజన్ 1.6 లీటర్లు, 1994 నుంచి 1.8. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. ఇంజన్ ముందునుంచి వెనక్కి పొడవుగా కూర్చుని ఉంటుంది కాబట్టి రెండు పక్కలా చెయ్యి దూరుతుంది. విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. పుస్తకం ముందుపెట్టుకుని చేయగలిగిన బండి.

నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇంకొకటి. కింద క్రాంక్‌షాఫ్టునూ పైన కామ్‌షాఫ్టులనూ కలిపి తిప్పేది టైమింగ్ బెల్టు. చాలా ఇంజన్లలో అది తెగిందంటే తెరుచుకుని ఉన్న వాల్వుకు పిస్టన్ వచ్చి గుద్దుకుంటుంది. వాల్వులు వంగిపోతాయి, హెడ్డు దించక తప్పదు, ఖర్చు వేలల్లోకి పోతుంది. ఆ తరం మియాటా ఇంజన్‌లో పిస్టన్ పైకంటా వచ్చినా వాల్వుకు తగలనంత చోటు ఉంచారు. బెల్టు తెగితే బండి ఆగుతుంది, అంతే. కొత్తది వేసుకుని బయల్దేరొచ్చు.

మొదటిసారి పానా పడుతున్న పిల్లకు ఇలాంటి ఇంజన్ కావాలి. తప్పు చేస్తే ఒక శనివారం పోవాలి గానీ బండి పోకూడదు. మీరు ఏ బండి చూసినా ఈ ఒక్క ప్రశ్న ముందు వేసుకోండి. తప్పుకు పడే ఖరీదు తక్కువైతే మీ చేతులు మీ దగ్గరే ఉంటాయి. ఎక్కువైతే, ఎంత ఒట్టు పెట్టుకున్నా, పిల్లల చేతిలోది లాక్కుంటారు.

కొనేటప్పుడు రెండు చూడండి. మొదటిది తుప్పు. మా మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. తలుపుల కింద రేకును వేలితో నొక్కి చూడండి, పెళపెళమంటే వదిలేయండి. ఇంజన్‌ను ఇంట్లో బాగుచేసుకోవచ్చు, తిన్న రేకును మాత్రం మనం బాగుచేయలేం. రెండోది కంప్రెషన్. ప్లగ్గులు నాలుగూ తీసి, ఒక్కో రంధ్రంలో గేజి పెట్టి సెల్ఫ్ కొట్టి చూస్తే నాలుగు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తగ్గిందంటే ఆ సిలిండర్‌లో రింగులో, వాల్వులో, గాస్కెట్టో దెబ్బతిందని అర్థం. గేజి లాంటి పనిముట్లు విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కడితే అరువిస్తారు. ఆ నాలుగు అంకెలూ పిల్లలచేతే రాయించండి. బండి తమది అన్న భావం అక్కడే మొదలవుతుంది.

పోపుల డబ్బాలో బోల్టులు

తెచ్చిన రోజే ఇంజన్ విప్పకండి. మొదటి శనివారం ఆయిలు, ఫిల్టరు. రెండో శనివారం ప్లగ్గులు. ప్లగ్గు చూడటం నేర్పితే ఇంజన్ కడుపులో ఏం జరుగుతోందో పిల్లలకు తెలుస్తుంది. కొస లేత గోధుమరంగులో పొడిగా ఉంటే అంతా సవ్యం. నల్లగా మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. తడిగా, జిడ్డుగా ఉందంటే ఆయిలు ఎక్కడినుంచో దిగుతోంది. “ఇది ఏ రంగులో ఉంది?” అని అడిగి ఊరుకోండి. కారణం వాళ్లనే వెతకనివ్వండి. తిరిగి బిగించేటప్పుడు మాత్రం ఒక్కటి ముందే చెప్పండి. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిరగాలి. హెడ్డు అల్యూమినియం. ప్లగ్గు వంకరగా ఎక్కితే మర పోతుంది.

విప్పిన బోల్టులు ఎక్కడ పెట్టాలన్నది మరో పెద్ద సమస్య. మా ఆవిడ పాత స్టీలు పోపుల డబ్బా తెచ్చిచ్చింది. ఏడు గిన్నెలు. ఆవాల గిన్నెలో వాల్వ్ కవర్ బోల్టులు, జీలకర్ర గిన్నెలో బెల్టు కవరువి, మెంతుల దాంట్లో వాటర్ పంపువి. మా అమ్మాయి ఒక్కోదాంట్లో చిన్న చీటీ పెట్టి, విప్పకముందు ఒకటీ విప్పాక ఒకటీ ఫొటో తీసుకుంది. మా పోపుల డబ్బాలో ఒక్క బోల్టూ తప్పిపోలేదు. మీ ఇంట్లో ఒకరు గరాజ్‌లోకి రాకపోయినా, ఇలా ఒక వస్తువు ఇచ్చి పనిలో పాలుపంచుకోవచ్చు.

నేను లాక్కున్న రోజు

వాల్వ్ కవర్ కింద రబ్బరు గాస్కెట్ ఎండిపోయి ఆయిలు చెమర్చేది. అది మార్చడం ఆ నెల పని. మా అమ్మాయి పాత గాస్కెట్ ఊడదీసింది, అంచులు గుడ్డతో తుడిచింది, మూలల్లో సీలెంట్ పెట్టింది, కవరు దించింది. అన్నీ పద్ధతిగా చేసింది. బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకు వస్తూ కొద్దికొద్దిగా బిగిస్తోంది. బయట చీకటి పడుతోంది. నాకు తొమ్మిదింటికి ఆఫీసు కాల్ ఉంది.

“అంత మెల్లగా ఏంటమ్మా? మళ్లీ కారుతుంది. ఇటివ్వు” అని రాచెట్ లాక్కున్నాను. గట్టిగా ఒక తిప్పు తిప్పాను. టక్కుమంది. బోల్టు తల నా చేతిలో ఉంది.

ఆ బోల్టులు 9 న్యూటన్ మీటర్లకు మించి బిగించకూడదు. చక్రం నట్టుకు పట్టే బలంలో పదో వంతు కూడా కాదు. ఆ సంగతి పుస్తకంలో చదివి, పసుపు పెన్నుతో గీత గీసిపెట్టింది తనే. నేను ఆ పేజీ చూడనైనా లేదు.

తను ఏమీ అనలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, ఆ గుడ్డ మడిచి బెంచీ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మూడు వారాలు గరాజ్ వైపు రాలేదు. అడిగితే పరీక్షలంది. పరీక్షలు లేవని ఇద్దరికీ తెలుసు.

విరిగిన బోల్టు ఖరీదు రెండు డాలర్లు ఉండదు. తనకు బాధ కలిగింది బోల్టు విరిగినందుకు కాదు. “నీ చెయ్యి పనికిరాదు” అని నేను నోటితో అనకుండా అన్నాను. పిల్లలకు ఆ మాట ఎంత స్పష్టంగా వినబడుతుందో మనం పెద్దయ్యాక మరిచిపోతాం.

మరిచిపోవడమే నా తప్పు. చిన్నప్పుడు నాకూ అదే వినబడింది. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది. బోరింగు వాళ్లు, లేతు వాళ్లు, లారీ బాడీలు కట్టేవాళ్లు, సందుకొక పని. సెలవుల్లో నేను వెళ్లి కాటన్ వేస్టుతో సామాన్లు తుడిచేవాణ్ని. ఎప్పుడైనా ఆశ పుట్టి పానా పట్టుకుంటే వెనకనుంచి చెయ్యి వచ్చి లాక్కునేది. “నీకెందుకురా ఇది? పోయి చదువుకో.” చదువుకున్నాను. డెట్రాయిట్ దాకా వచ్చాను. ఆ చెయ్యి మాత్రం నాతోనే వచ్చింది.

తాతయ్య స్క్రూ డ్రైవర్

ఆ వేసవిలో మా నాన్న ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. రెండో రోజే గరాజ్‌లోకి వెళ్లి బానెట్ లేపి చూశారు. విరిగిన బోల్టు చూశారు. నా ముఖం చూశారు. ఏమీ అడగలేదు. మనవరాల్ని పిలిచారు.

“ఏమ్మా, ఇది తీద్దామా?”

మిగిలిన బోల్టులు విప్పి కవరు ఎత్తితే విరిగిన బోల్టు మొండెం కాస్త పైకి కనబడుతోంది. దాని మొదట్లో తుప్పు వదిలించే ఆయిలు వేయించి, “రేపటిదాకా ముట్టుకోకు” అన్నారు. మర్నాడు గ్రిప్ ప్లయర్ తన చేతికే ఇచ్చారు. “ముందు కొంచెం బిగించే వైపు తిప్పు. ఇప్పుడు వెనక్కి. మళ్లీ ముందుకి. తొందరలేదు, దానంతటదే వస్తుంది.” ఆయన చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. పావుగంట పట్టింది. మొండెం బయటికి రాగానే అది అరచేతిలో పెట్టుకుని మా అమ్మాయి నా వైపు చూసింది. మూడు వారాల తర్వాత అదే మొదటిసారి.

కొత్త గాస్కెట్ వేసి స్టార్ట్ చేశాక టాపెట్ చప్పుడు వినిపించింది. టిక్ టిక్ టిక్‌మని. నాన్న ఫీలర్ గేజ్ అడిగారు. ఆయన అంబాసిడర్ టాపెట్లు గేజి పెట్టి సరిచేసిన మనిషి. “దీనికి గేజి అక్కర్లేదు తాతయ్యా. లోపల ఆయిలు ఒత్తిడితో సందు దానికదే సర్దుకుంటుంది. పదహారు వాల్వులకు పదహారు ఉంటాయి. ఆయిలు పాతబడితే ఇలా చప్పుడు చేస్తాయట” అని మా అమ్మాయి పుస్తకం తెచ్చి బొమ్మ చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని బొమ్మంతా చూసి, “ఓహో, ఇలా చేశారా” అన్నారు. డెబ్బై ఆరేళ్ల మెకానిక్కు, పదహారేళ్ల పిల్ల దగ్గర నేర్చుకుంటూ.

తర్వాత ఆయన ఒక పొడుగాటి స్క్రూ డ్రైవర్ తీసుకున్నారు. కొస వాల్వ్ కవర్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించుకుని కళ్లు మూసుకున్నారు. రోగి ఛాతీ మీద డాక్టర్ గొట్టం పెట్టినట్టు ఆటోనగర్‌లో రోజూ చేసిన పని. చిన్నప్పుడు వందసార్లు చూశాను. అది నా చెవి దాకా ఎప్పుడూ రాలేదు. ఆయన కళ్లు తెరిచి, ఆ పిడిని మనవరాలి చెవికి ఆనించారు. “విను. ఇక్కడ, ఇప్పుడు ఇక్కడ. ఎక్కడ గట్టిగా ఉంది?”

ఆ రాత్రి భోజనాలయ్యాక ధైర్యం చేసి అడిగాను. “నాకెప్పుడూ ఇవ్వలేదేం నాన్నా?”

ఆయన కాసేపు ఆలోచించారు. “అది మన బండి కాదురా. లారీ ఒక పూట ఆగితే వాడికి కిరాయి పోతుంది. నువ్వు మర పోగొడితే ఆ నష్టం నేనే కట్టాలి. ఇది మన ఇంటి బండి. పాడైతే రేపు చేసుకుంటాం.”

ఇంతే కారణం. ఆయనకు లాక్కోవాల్సిన అవసరం ఉంది. మనకు లేదు. మన గరాజ్‌లో ఉన్నది ఎవరి లారీ? బయట ఎవరు ఎదురుచూస్తున్నారు? తిండికి జరుగుతోంది, ఇంకో కారు ఉంది, శనివారం మనది. అయినా మన చెయ్యి పాత అలవాటుతో ముందుకు పోతుంది. ఆ తొందర మనకు ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకుంటే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది.

ఇక్కడ మాత్రం అడ్డుపడండి

తప్పుకు డబ్బు కాక ప్రాణం ఖరీదు పడే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ మొహమాటం వద్దు, చెయ్యి పట్టి ఆపండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు, ఒక్క క్షణమైనా సరే. స్టాండ్లు పెట్టి, బండిని కుదిపి చూశాకే దూరాలి. గరాజ్ తలుపు మూసి ఇంజన్ తిప్పకూడదు. చలికి తలుపు తీయబుద్ధి కాదు, కానీ కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. ఇంజన్ తిరుగుతుంటే జుట్టు ముడేసుకోవాలి, హుడీ తాళ్లు లోపలికి దోపుకోవాలి. రేడియేటర్ ఫ్యాను కరెంటుది, చెప్పకుండా తిరగడం మొదలెడుతుంది. దించిన కూలెంట్‌ను వెంటనే మూత పెట్టి దాచాలి. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలో చిన్నపిల్లలో దాన్ని నాకితే ప్రమాదం.

ఇవి మొదటిరోజే చెప్పి, కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆ కాగితంలో ఉన్నవాటికి మాత్రమే మీరు అరవొచ్చు. అందులో లేనిదానికి గొంతు పెంచకండి. అప్పుడు నిజంగా అరిచిన రోజు పిల్లలు వెంటనే ఆగుతారు.

పందొమ్మిది పళ్లు

రెండో ఏడు టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్చాం. నాలుగు శనివారాల పని. పైన రెండు కామ్ పుల్లీల మీద ‘ఐ’, ‘ఈ’ అని అక్షరాలు ఉంటాయి. ఐ గాలి లోపలికి వచ్చే వైపు, ఈ పొగ బయటికి పోయే వైపు. గుర్తులు సరిగ్గా నిలబెట్టి బెల్టు వేస్తే ఆ రెండిటి మధ్య పందొమ్మిది పళ్లు రావాలి. మా అమ్మాయి బెల్టు వేసి, లెక్కపెట్టి “అయిపోయింది” అంది. నేను పక్కనుంచి లెక్కపెడితే పద్దెనిమిదే వచ్చాయి.

చెయ్యి ముందుకు పోబోయింది. జేబులో పెట్టుకున్నాను. “చేత్తో రెండు చుట్లు తిప్పి చూసుకో” అని మాత్రం అన్నాను. అది పుస్తకంలో ఎలాగూ ఉన్న పనే. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది, గుర్తులు మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడాలి. తను తిప్పింది. గుర్తు ఒక పన్ను పక్కన ఆగింది. చాలాసేపు దానివైపే చూసింది. ఆ నిశ్శబ్దం నాకు బరువుగా ఉంది గానీ మాట్లాడలేదు. “ఒక పన్ను తప్పింది నాన్నా” అంది చివరికి. తనే వదులు చేసి, తనే మార్చి, మూడుసార్లు లెక్కపెట్టింది. పందొమ్మిది.

ఆ తప్పు నేను చెప్పి ఉంటే తనకు బెల్టు వేయడం వచ్చేది. తనే కనుక్కుంది కాబట్టి తన పనిని తాను సరిచూసుకోవడం వచ్చింది. ఈ రెండోది రేపు ఏ ఉద్యోగం చేసినా, ఏ కాపురం చేసినా పనికొస్తుంది.

అందుకే నాదొక చిన్న పద్ధతి. లైటు నేను పట్టుకుంటాను. లైటు పట్టుకున్న చెయ్యి పానా పట్టలేదు. అడిగితేనే సమాధానం చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను, పుస్తకం తీయమంటాను. తండ్రికి తెలియనిది ఉందని తెలిస్తే పిల్లలకు మన మీద గౌరవం తగ్గదు. తమకు తెలియనిది చెప్పుకునే ధైర్యం వస్తుంది. ఎవరికి చిరాకు మొదలైనా ఆ రోజుకు బానెట్ దించేస్తాం. చేతులు కడుక్కుని దోసెలు తింటాం.

పొరపాటున లాక్కుంటే ఆ రోజే తిరిగి ఇచ్చి, క్షమించమని అడగండి. నేను మూడు వారాలు ఆలస్యం చేశాను, మా నాన్న వచ్చేదాకా. ఆడపిల్ల కదా అని వెనకాడకండి, మార్కులు తగ్గుతాయేమోనని ఊరికే దిగులుపడకండి. వారానికి ఒక పూట సరిపోతుంది. ఈ ఏళ్లు తొందరగా గడిచిపోతాయి. పద్దెనిమిది వచ్చాక ఆ గరాజ్ తలుపు తీయడానికి మీరు ఒక్కరే మిగులుతారు.

మొన్న మంచు కరిగాక బండి బయటికి తీసి స్టార్ట్ చేస్తే మళ్లీ ఆ టిక్ టిక్. మా అమ్మాయి విజయవాడకు వీడియో కాల్ చేసి, ఫోన్‌ను ఇంజన్ దగ్గర పెట్టింది. అటువైపు రాత్రయింది. తాతయ్య పడుకోబోతూ లేచి కూర్చున్నారు.

“ఫోన్‌లో నాకేం తెలుస్తుందమ్మా! నువ్వు విని చెప్పు” అన్నారు.

తను పొడుగాటి స్క్రూ డ్రైవర్ తీసి, కొస కవరు మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఒకచోట విని, బెత్తెడు జరిపి విని, ఇంకాస్త జరిపింది. నేను లైటు పట్టుకుని నిలబడ్డాను.

“మూడో సిలిండర్ దగ్గర తాతయ్యా. పొగ పోయే వైపు.”

“అయితే ముందు ఆయిలు మార్చి చూడు తల్లీ.”